చెక్క, ప్లాస్టిక్, ప్రెస్‌వుడ్: తొమ్మిదేళ్లు ఓడ ఎక్కించాక ప్యాలెట్ల మీద నా సమీక్ష

మా మొదటి పెద్ద ఆర్డర్ కంటైనర్ తలుపు దగ్గరే ఆగిపోయింది. 20 అడుగుల కంటైనర్, ఒకదాని మీద ఒకటి రెండేసి ప్యాలెట్లు (ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తడానికి వీలుగా సరుకు కింద వేసే బల్లలు), సరుకుతో కలిపి ఒక్కోదాని ఎత్తు 111 సెంటీమీటర్లు. రెండూ కలిపి 222. తలుపు ఎత్తు సుమారు 228. ఇంకా ఆరు సెంటీమీటర్లు మిగులుతోంది కదా అని ధీమాగా ఉన్నాను. ఫోర్క్‌లిఫ్ట్ సరుకును నేల మీద ఈడ్చుకుంటూ పోదని, కొంచెమైనా పైకి లేపాలని, ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు భాగం ఇంకాస్త లేస్తుందని నాకు తట్టలేదు. మొదటి జతకే పై పెట్టెలు తలుపు పైకమ్మికి కొట్టుకుని అట్ట చినిగింది. పోనీ విడివిడిగా తీసుకెళ్లి లోపల పేరుద్దామంటే ఫోర్క్‌లిఫ్ట్ మాస్ట్ (ముందుండే నిలువు స్తంభం) పైకప్పుకు తగిలింది. చివరికి పై ప్యాలెట్ల మీద ఒక్కో వరుస విప్పేసి, లోపలికెళ్లి చేత్తో మళ్లీ పేర్చాం. అర్ధరాత్రి దాటింది. పోర్టులో సరుకు అప్పగించే ఆఖరి గడువు (కటాఫ్) తప్పింది, సరుకు తర్వాతి ఓడకు వెళ్లింది.

ఇది 2016 నాటి మాట. మేం పంపేది పంపులకు వాడే పోత ఇనుప విడిభాగాలు, అట్టపెట్టెల్లో. చిన్న సరుకు, గట్టి బరువు. అప్పటినుంచి చెక్క ప్యాలెట్లు, ప్లాస్టిక్‌వి, ప్రెస్‌వుడ్‌వి, ఆఖరికి ప్యాలెట్టే లేకుండా స్లిప్ షీట్లు కూడా వాడి చూశాను. తయారీదారుల పేర్లు చెప్పను. ఒకరి దగ్గరే ఒక లాట్ బాగుంటుంది, ఇంకో లాట్ తడితడిగా వస్తుంది. రకాల గురించి, వాటితో ప్లాన్ వేసుకోవడం గురించి మాత్రం నాకు ఇప్పుడు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు కొలత. కంటైనర్ బయటి వెడల్పు 8 అడుగులు, అంటే దాదాపు 2.44 మీటర్లు. లోపల మిగిలేది 2.35 మీటర్లు. 1200×1000 మిల్లీమీటర్ల ప్యాలెట్‌ను 1200 వైపు అడ్డంగా రెండు పెడితే 2.40 అవుతుంది, పట్టదు. ఒకటి 1200, పక్కది 1000 పెడితే 2.20, పడుతుంది. అందుకే వాటిని తిప్పి తిప్పి పెట్టాలి. 20 అడుగుల దాంట్లో పది ఎక్కించాలంటే ఒక వైపు మూడు నిలువుగా (1200 వైపు కంటైనర్ పొడవునా), రెండు అడ్డంగా. రెండో వైపు మూడు అడ్డంగా, రెండు నిలువుగా. ఒక వైపు పొడవు 5.6 మీటర్లు, ఇంకో వైపు 5.4 మీటర్లు వస్తాయి. లోపలి పొడవు 5.9 కాబట్టి సరిపోతుంది. ఇక్కడో చిక్కుంది. చవగ్గా దొరికే ప్యాలెట్లలో చాలావాటికి ఫోర్కులు రెండు వైపుల నుంచే దూరతాయి. వాటిని తిప్పి పెట్టారా, తలుపు వైపు నుంచి ఎత్తడానికి దారే ఉండదు. ఆ సంగతి నాకు లోడింగ్ రోజున తెలిసింది. అప్పటినుంచి ఆర్డర్‌లో ‘నాలుగు వైపుల నుంచీ ఫోర్క్ దూరాలి’ అని రాసే ఇస్తాను.

ప్యాలెట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6780లో ఆరు కొలతలున్నాయి. వాటిలో నేను స్థిరపడింది 1100×1100. చతురస్రం కాబట్టి తిప్పే గోల లేదు. అడ్డంగా రెండు పెడితే 2.20, పొడవునా ఐదు పెడితే 5.50. నేలలో దాదాపు 87 శాతం నిండుతుంది. యూరప్‌లో ఎక్కువగా నడిచే 1200×800 అయితే 20 అడుగుల కంటైనర్లో 11 పడతాయి కానీ నేల 76 శాతమే నిండుతుంది. అయినా బయర్ గోదాములో ర్యాకులు ఆ కొలతకే ఉన్నాయంటే మారు మాట్లాడకుండా అవే పంపుతాను. అక్కడ సరుకు దించి వేరే ప్యాలెట్ల మీదికి మార్చే ఖర్చు చివరికి మన బిల్లులోనే బేరానికి వస్తుంది.

రెండో సంవత్సరం అట్టపెట్టెనే మార్చేశాను. పాతది 38×38×32 సెంటీమీటర్లు. మూడు పక్కపక్కన పెడితే 114, అంటే 110 ప్యాలెట్ మీద ప్రతి వైపూ రెండు సెంటీమీటర్లు బయటికి వేలాడేది. ఏముందిలే అనిపిస్తుంది. కానీ అట్టపెట్టె బలం ఎక్కువగా నాలుగు మూలల్లోనే ఉంటుంది, ఆ మూలలే గాల్లో ఉంటే అడుగు వరుస నలిగిపోతుంది. పైగా ఎల్‌సీఎల్‌లో, అంటే మన సరుకు వేరేవాళ్ల సరుకుతో కలిసి వెళ్లేటప్పుడు, ఒక ఘనపు మీటరు లేదా 1000 కిలోలు, ఏది ఎక్కువైతే దానికి చార్జీ. వేలాడే ఆ కాస్తకీ విస్తీర్ణం లెక్కన ఏడు శాతం ఎక్కువ కట్టాం. కొత్త పెట్టె 36×36×30. వరుసకు తొమ్మిది, మూడు వరుసలు, మొత్తం 27 పెట్టెలు. ఎత్తు 90, ప్యాలెట్ 15 కలిపితే 105. రెండు పేరిస్తే 210. తలుపు దాటడానికి ఇప్పుడు బోలెడు చోటు. పెట్టెల డిజైన్ చూసేవాళ్లను ఒప్పించడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. ‘రెండు సెంటీమీటర్లకు ఇంత రాద్ధాంతమా’ అన్నారు.

ఇప్పుడు ఒక్కో రకం సంగతి.

చెక్కదే నాకు నమ్మకమైన బండి. బరువు మోస్తుంది, ఒక పలక విరిగితే మార్చుకోవచ్చు, ఫోర్క్ తగిలినా ఒక్కసారిగా ముక్కలవదు. తలనొప్పంతా ఐఎస్‌పీఎం 15 నిబంధనతో. చెక్కలో దాక్కున్న పురుగులు ఒక దేశపు అడవుల నుంచి ఇంకో దేశపు అడవులకు పాకకుండా 2002లో పెట్టిన అంతర్జాతీయ నియమం అది. చెక్క లోపలి భాగం దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు ఆగకుండా తగలాలి. అప్పుడు గోధుమ కంకి గుర్తు, రెండక్షరాల దేశం కోడ్, తయారీదారు నంబరు, ‘హెచ్‌టీ’ అన్న అక్షరాలతో ముద్ర వేస్తారు. ముద్ర కనిపించే చోట ఉండాలి, వీలైతే ఎదురెదురుగా రెండు వైపులా. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా ఒకసారి దెబ్బ తిన్నాను. ప్యాలెట్లన్నీ ముద్రతోనే ఉన్నాయి. సరుకు కదలకుండా చివర్లో అడ్డుగా బిగించిన నాలుగు చెక్క ముక్కలకు ముద్ర లేదు. ఆ అడ్డుకట్టలకు కూడా అదే నియమం వర్తిస్తుంది. అవతలి పోర్టులో కంటైనర్ ఆపేశారు. శుద్ధి చేయించి విడిపించుకునేసరికి ఫ్రీ డేస్ (చార్జీ పడని రోజులు) అయిపోయి డెమరేజ్ (ఆలస్య రుసుము) మొదలైంది. ఆ నాలుగు ముక్కలు మా షెడ్డు వెనక పడి ఉన్నవే, ఎవరో చొరవగా తెచ్చి కొట్టారు. పనివాళ్లను తిట్టి లాభం లేదు, నేను వాళ్లకెప్పుడూ చెప్పలేదు.

చెక్కతో ఇంకో మోసం ఉంది. హెచ్‌టీ ముద్ర ఉంటే చెక్క ఆరిందనుకుంటాం. వేడి చేయడం వేరు, ఆరబెట్టడం వేరు. పచ్చి చెక్కను 56 డిగ్రీలకు తెచ్చి తీసేయొచ్చు, ముద్ర పడుతుంది, లోపల తేమ అలాగే ఉంటుంది. మూసిన కంటైనర్లో పగటి వేడికి ఆ తేమ ఆవిరై, రాత్రి చల్లబడ్డ పైకప్పుకు పట్టి, చుక్కలుగా కింద సరుకు మీద పడుతుంది. మా ఇనుప భాగాలు తుప్పు పట్టి చేరిన షిప్‌మెంట్‌లో బయటి నీళ్లు ఒక్క చుక్క కూడా రాలేదు. ఇప్పుడు తేమ మీటరు పెట్టి చూస్తాను, 20 శాతం దాటిన లాట్ వెనక్కి పంపుతాను. సప్లయర్‌కు నేనంటే పడదు, పర్లేదు.

ప్లాస్టిక్ ప్యాలెట్లు చూడముచ్చటగా ఉంటాయి. ముద్ర అక్కర్లేదు, మేకు గుచ్చుకోదు, తడి పీల్చదు. రెండేళ్లు వాడి మానేశాను. మొదటి కారణం, ఓడ ఎక్కింది తిరిగి రాదు, అంత డబ్బు పెట్టి ఒక్క ప్రయాణానికి కొన్నట్టవుతుంది. రెండోది, జారుడు. ఫోర్కు మీదా జారుతుంది, దాని మీద పెట్టెలూ జారతాయి. మూడోది మాకు బాగా తగిలింది. మేం కొన్నవి ఒకదాంట్లో ఒకటి దూరే తొమ్మిది కాళ్ల రకం. పై ప్యాలెట్ బరువంతా ఆ తొమ్మిది కాళ్ల కింద పడి, కింది పెట్టెల మీద తొమ్మిది గుంటలు పడ్డాయి. మధ్యలో మందపాటి అట్టో ప్లైవుడ్ పలకో వేస్తే తప్ప ఆ రకాన్ని జంటగా పేర్చకండి. ప్యాలెట్ తిరిగొచ్చే రాకపోకలు, శుభ్రత ముఖ్యమైన సరుకులు ఉన్నవాళ్లకు నా మాట వర్తించదు.

ప్రెస్‌వుడ్, అంటే చెక్క పొట్టును జిగురుతో వేడి మీద నొక్కి చేసేది. దీనికీ ఐఎస్‌పీఎం ముద్ర అక్కర్లేదు. ఖాళీవి యాభై పేర్చినా మూలన సర్దుకుంటాయి. తేలిక కూడా. విమానంలో పంపేటప్పుడు ఇదే నా మొదటి ఎంపిక. దీనిదీ తొమ్మిది కాళ్లే, ర్యాకు మీద పనికిరాదు, వాన తగిలితే అంచులు ఉబ్బుతాయి. ఒంటి వరుసలో పోయే తేలికపాటి ఎల్‌సీఎల్ సరుకుకు బాగుంటుంది.

స్లిప్ షీట్ గురించి రెండు ముక్కలు చాలు. పలచటి షీటు, ఎత్తు తినదు, బరువు లేదు, కాగితం మీద అద్భుతం. దాన్ని లాగి దించడానికి ఫోర్క్‌లిఫ్ట్‌కు ప్రత్యేకమైన పుష్-పుల్ అటాచ్‌మెంట్ కావాలి. బయర్ దగ్గర అది లేదు. అడిగే పంపాలని ఆ తర్వాత తెలిసొచ్చింది.

ప్యాలెట్‌కు సరుకు కట్టే తీరులోనూ నేను చాలా మారాను. పెట్టెల చుట్టూ మాత్రమే స్ట్రెచ్ ఫిల్మ్ చుడితే ప్యాలెట్ ఒక పక్కకు, సరుకు ఒక పక్కకు పోతాయి. ఫిల్మ్ ప్యాలెట్ పలక కిందిదాకా దిగాలి. పట్టీల విషయంలో పీపీ (పాలీప్రొపిలీన్) రకం చవక, కానీ వారాలు గడిచేకొద్దీ వదులవుతుంది. పీఈటీ (పాలిస్టర్) బిగువు నిలుపుకుంటుంది, దూర ప్రయాణానికి అదే. అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ (ఐఎంఓ), అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ), ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం (యూఎన్‌ఈసీఈ) కలిసి 2014లో తెచ్చిన సీటీయూ కోడ్, అంటే కంటైనర్లలో సరుకు సర్దే నియమావళి ప్రకారం, అలలు బాగా ఎత్తుగా లేచే సముద్రాల్లో సరుకు మీద పక్కవాటుగా 0.8 జీ, అంటే సరుకు బరువులో 80 శాతం వరకూ తోపు లెక్కేసుకోవాలి. మా 600 కిలోల ప్యాలెట్‌ను 480 కిలోల బలం పక్కకు నెడుతున్నట్టు. 2.35లో 2.20 పోగా మిగిలే ఆ 15 సెంటీమీటర్ల సందులో గాలి సంచి పెట్టకుండా తలుపు మూయను.

లోడ్ ప్లాన్ వేసే సాఫ్ట్‌వేర్లు కూడా రెండు వాడాను. బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది. కానీ పెట్టె ఉబ్బుతుందని, ఫోర్క్ పైకి లేపాలని, తలుపు లోపలి ఎత్తుకన్నా పొట్టిదని మనం చెబితేనే దానికి తెలుస్తుంది. నేను అన్ని కొలతలకూ రెండేసి సెంటీమీటర్లు కలిపి ఎక్కిస్తాను. బరువు మధ్యలో సమంగా పడుతోందా లేదా చూడటానికి మాత్రం చక్కగా పనికొస్తుంది.

కాగితాల్లో రెండు చోట్ల ప్యాలెట్‌ను మర్చిపోతారు. ఒకటి వీజీఎం, అంటే ధ్రువీకరించిన మొత్తం బరువు. 2016 జూలై 1 నుంచి సరుకుతో సహా కంటైనర్ అసలు బరువు ధ్రువీకరించి ఇవ్వకపోతే ఓడ ఎక్కించరు. సరుకు, కంటైనర్ బరువులు కూడి ఇచ్చేవాళ్లు ప్యాలెట్లవి వదిలేస్తుంటారు. 20 ప్యాలెట్లు, ఒక్కోటి 20 కిలోలు, 400 కిలోల తేడా.

రెండోది బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు అందుకున్నట్టు ఓడవాళ్లిచ్చే పత్రం. ‘20 ప్యాలెట్లు’ అని రాసి ఊరుకోవద్దు. హేగ్-విస్బీ నియమాలు వర్తించే చోట సరుకు పోతే ఓడవాళ్ల బాధ్యత ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల యూనిట్) లేదా కిలోకు 2 ఎస్‌డీఆర్, ఏది ఎక్కువైతే అంతవరకే. ప్యాలెట్‌ను ఒక ప్యాకేజీగా లెక్కిస్తే మా 600 కిలోలకు బరువు లెక్కన 1200 ఎస్‌డీఆర్. ‘20 ప్యాలెట్ల మీద 540 పెట్టెలు’ అని విడమరిచి రాస్తే ప్రతి పెట్టే ఒక ప్యాకేజీ, అదే ప్యాలెట్ మీద పరిమితి 18,000 అవుతుంది. అంత విలువైన సరుకు కాకపోవచ్చు, కానీ పరిమితి అడ్డం రాదు. ఒక లైన్ తేడా. మా ఫార్వర్డర్ (రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంటు) ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు, సరుకు నష్టాలు పరిశీలించే ఒక సర్వేయర్ మాటల్లో చెప్పాడు. ప్యాకింగ్ చాలకపోవడం వల్ల జరిగిన నష్టానికి బీమా రాదని కూడా ఆయనే హెచ్చరించాడు. అందుకే కట్టేటప్పుడు, ఎక్కించేటప్పుడు, సీలు వేసేటప్పుడు ఫొటోలు తీసి దాస్తాను.

ఇప్పటి లెక్క ఇది: ఫుల్ కంటైనర్‌కు ఆరిన హెచ్‌టీ చెక్క 1100×1100, విమానానికి ప్రెస్‌వుడ్. ఈమధ్య ప్లైవుడ్ ప్యాలెట్లు ఆరు తెప్పించాను. ప్లైవుడ్‌కు ముద్ర అక్కర్లేదని అమ్మినవాడు గట్టిగా చెప్పాడు. తిరగేసి చూస్తే మధ్య దిమ్మలు మామూలు చెక్కవి, వాటికి ముద్ర ఉండాల్సిందే. దిమ్మలు కూడా ప్లైవుడ్‌తోనే చేసి పంపమని తిప్పి పంపాను. ఇంకా రాలేదు.