నాన్నతో రామప్ప గుడికి

మా నాన్న నలభై ఏళ్లుగా ఊళ్లో భజనలకు మృదంగం వాయిస్తున్నారు. ఆయనకు రామప్ప గుడి చూపించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటుంటే మొన్న జనవరిలో కుదిరింది.

ఖమ్మం నుంచి రైల్లో వరంగల్ చేరి, రాత్రికి హనుమకొండలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు మాత్రం ఆరు దాటాకే అన్నారు. మేం ఐదున్నరకే బయల్దేరాలి కాబట్టి నాన్న ఆ చలిలో చన్నీళ్లే పోసుకున్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గుడి ఉన్న పాలంపేటలోనే చెరువు పక్కనున్న టూరిజం కాటేజీల్లో ముందే బుక్ చేసుకోవడం మేలు. తెల్లవారుజామున దాదాపు 70 కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుంది. మేం ములుగు దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాం. ఆటోకి రానూపోనూ, వెయిటింగ్‌తో కలిపి ముందే మాట్లాడుకోండి.

1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే వెళ్తే లోపలికి వెలుగు బాగా వస్తుంది. గైడ్‌కి విషయం తెలుసు గానీ అరగంటలో ముగించాలని తొందర. గోపురంలో వాడిన నీళ్లలో తేలే ఇటుకలు, గుడి కింది ఇసుక పునాది గురించి చకచకా చెప్పేసి, వేణువూదే కృష్ణుడి శిల్పం దగ్గర రాతిని వేలితో మీటాడు. ఒక్కోచోట ఒక్కో స్థాయిలో పలికింది, నిజమే. కానీ ఎనిమిది వందల ఏళ్ల రాతిని వచ్చినవాళ్లందరి కోసం అలా కొడుతూ పోతే ఏమవుతుందోనని నాకు బాధేసింది. దయచేసి మీటి చూపించమని అడగకండి.

గైడ్ వెళ్లిపోయాకే అసలు చూడటం మొదలైంది. స్తంభాల మీద నాట్యకత్తెల పక్కన జానెడు ఎత్తు కూడా లేని వాద్యగాళ్లున్నారు. మెడలోంచి పట్టీ వేసుకుని, మద్దెలను నడుముకు అడ్డంగా ఆనించుకున్న ఒకడి దగ్గర నాన్న ఆగిపోయారు. సెల్‌ఫోన్ లైటు వేయించుకుని చాలాసేపు చూసి, "ఒరేయ్, వీడు ఊరికే పట్టుకుని నిలబడలేదురా, వాయిస్తున్నాడు. ఆ ఎడమ చెయ్యి చూడు, అరచెయ్యి పూర్తిగా ఆనించాడు. తల ఆ అమ్మాయి పాదాల వైపు వాల్చాడు" అన్నారు. ఆ తల వంపు అంతకుముందు రెండుసార్లు వెళ్లినా నాకు కనబడలేదు.

గుడి కట్టిన నలభై ఏళ్లకు, 1253-54లో, కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాని జాయప సంస్కృతంలో 'నృత్తరత్నావళి' అనే నాట్యగ్రంథం రాశాడు. కాకతీయుల కాలపు వీరనృత్యం పేరిణి వివరాలు అందులో ఉన్నాయి. నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్లీ నిలబెట్టడానికి ఆ గ్రంథమూ ఈ శిల్పాలూ రెండూ ఆధారమయ్యాయి. ఆ సంగతి చెప్తే నాన్న మళ్లీ మొదటి స్తంభం నుంచి చూసుకుంటూ వచ్చారు. రెండున్నర గంటలు పట్టింది. మీరూ కనీసం అంత సమయం పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో హనుమకొండలో వేయిస్తంభాల గుడి కూడా చూశాం. 1163 నాటిది, గొప్పదే. కానీ సంగీతం కోసం ఒక్కచోటికే వెళ్లగలిగితే నేను రామప్పకే వెళ్లమంటాను.

గుడి దగ్గర మాకు సరైన భోజనం దొరకలేదు. కట్టుకెళ్లిన పులిహోర చెరువు గట్టున కూర్చుని తిన్నాం. తింటూ ఫొటోలు చూసుకుంటున్న నాన్న, తాళాలు పట్టుకున్న మనిషి ఫొటో మసగ్గా వచ్చిందని నన్ను మళ్లీ గుళ్లోకి పంపారు.