సంస్థాగత అంబుడ్స్‌మన్ ప్రాథమిక శిక్షణ: రెండో రోజు కోసమైనా వెళ్లదగినది

హెచ్‌ఆర్ విభాగంలో చాలాకాలం పనిచేసి, కొత్తగా మా సంస్థలో అంబుడ్స్‌మన్ బాధ్యత తీసుకున్న నేను, ఒక శిక్షణ సంస్థ నిర్వహించిన మూడు రోజుల ఆన్‌లైన్ తరగతులకు హాజరయ్యాను. అంబుడ్స్‌మన్ అనగానే ఫిర్యాదును విచారించి ఉత్తర్వు ఇచ్చే అధికారి గుర్తుకొస్తారు గానీ, సంస్థ లోపల ఉండే అంబుడ్స్‌మన్ అధికారిక విచారణ జరపరు, తీర్పు చెప్పరు, ఎవరి పక్షానా వాదించరు. స్వతంత్రత, నిష్పక్షపాతం, గోప్యత, అనధికారిక పద్ధతి అనే నాలుగు సూత్రాలకు కట్టుబడి, వచ్చినవారి మాట విని, వారి ముందున్న దారులేమిటో వారితో కలిసి ఆలోచించడమే ఈ పని. చదివితే ఇది పది నిమిషాల్లో అర్థమవుతుంది. చేయబోతే మాత్రం పాత ఉద్యోగపు అలవాట్లు అడుగడుగునా అడ్డుపడతాయి.

మొదటి రోజు ఉదయమంతా 1809 నాటి స్వీడన్ పార్లమెంటరీ అంబుడ్స్‌మన్ చరిత్రకే సరిపోయింది. అందులో సగం సమయం చాలు.

అసలు శిక్షణ రెండో రోజున జరిగింది. తోటి అభ్యర్థి ఒకరు, తాను రాసిన నివేదికను మేనేజర్ తన పేరుతో పైకి పంపుకున్నారని బాధపడే ఉద్యోగినిగా నటించారు. మూడో నిమిషంలోనే నేను, "మీరు దిగులుపడకండి, మీ మేనేజర్‌తో నేను మాట్లాడతాను" అనేశాను. శిక్షకురాలు సంభాషణను ఆపించి, "ఆమె మిమ్మల్ని అడిగారా?" అని మాత్రం ప్రశ్నించారు. రెండోసారి, ఏం జరిగితే బాగుంటుందని మీరు అనుకుంటున్నారని అడిగి ఊరుకున్నాను. మేనేజర్‌తో తానే మాట్లాడదలచుకున్నాననీ, మాట ఎలా ఎత్తాలో తెలియడం లేదనీ ఆమె చెప్పారు. మిగిలిన సమయమంతా ఆ మొదటి వాక్యం కూర్చడంలోనే గడిచింది. అభ్యాసం ముగియగానే మేము రాసుకున్న కాగితాలను కెమెరా ముందే చింపించారు. పేర్లతో రికార్డు దాచడం ఈ వృత్తి పద్ధతి కాదని తెలిసినా, నా కాగితంపై మూడు పేర్లు ఉన్నాయి.

మూడో రోజు నిరాశపరిచింది. ఎవరినీ బయటపెట్టకుండా, పదేపదే ఎదురవుతున్న సమస్యల ధోరణులను యాజమాన్యానికి తెలియజేయడం అంబుడ్స్‌మన్ పనిలో ముఖ్యమైన భాగం. నలుగురే ఉన్న విభాగం నుంచి ఇద్దరు వచ్చినప్పుడు, విభాగం పేరు రాస్తే వచ్చిందెవరో తెలిసిపోతుంది, రాయకపోతే నివేదికకు అర్థమే ఉండదు కదా అని అడిగితే, "జాగ్రత్తగా రాయాలి" అనే సమాధానంతో సరిపెట్టారు. గోప్యత హామీకి చట్టపరమైన హద్దుల విషయమూ అంతే. ప్రాణాపాయం వంటి తీవ్రమైన హాని ముంచుకొస్తున్నప్పుడు గోప్యతకు మినహాయింపు ఉంటుందని చెప్పారు గానీ, కొన్ని న్యాయస్థానాలు అంబుడ్స్‌మన్ గోప్యతను అంగీకరించకపోవచ్చనీ, 1997లో మెక్‌డొనెల్ డగ్లస్ కేసులో అమెరికా అప్పీళ్ల న్యాయస్థానం దానిని తిరస్కరించిందనీ ఎక్కడా ప్రస్తావించలేదు. వచ్చినవారికి మాట ఇచ్చేముందు ఈ సంగతి తెలిసి ఉండటం అవసరం.

చేరదలచినవారు ఇంకొకటి గమనించాలి. చివర ఇచ్చేది తరగతులకు హాజరైనట్లు తెలిపే ధ్రువపత్రం మాత్రమే. 2005లో రెండు వృత్తి సంఘాల విలీనంతో ఏర్పడి, నేడు ఇంటర్నేషనల్ అంబుడ్స్ అసోసియేషన్‌గా పిలవబడుతున్న సంఘపు సర్టిఫికేషన్ వేరు. ఈ తేడాను ప్రకటనలో స్పష్టంగా రాయలేదు.

హెచ్‌ఆర్ నుంచో, న్యాయ విభాగం నుంచో ఈ పనిలోకి వస్తున్నవారికి రెండో రోజు కోసమైనా ఈ తరగతులను సిఫారసు చేస్తాను. ఇప్పటికే కొన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నవారికి ఇందులో కొత్తగా దొరికేది తక్కువ. ఒంటరిగా చేసే పని కాబట్టి, అనుభవజ్ఞులైన అంబుడ్స్‌మన్‌తో నెలకొకసారి మాట్లాడే ఏర్పాటు ఉంటుందన్న హామీని చూసే నేను చేరాను. రెండు నెలలు గడిచాయి. వారి నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది, అదీ తర్వాతి బ్యాచ్ ప్రకటన.