ఆల్గాంక్విన్‌లో జంతువుల కోసం నడక: మిజ్జీ లేక్ చుట్టూనా, స్ప్రూస్ బాగ్ మీదా?

టొరంటో నుంచి మూడు గంటలు కారు నడిపి, కెనడాలోని ఆల్గాంక్విన్ పార్కుకు వెళ్లాక ఈ రెండు నడకదారుల్లో ఏది పట్టాలి? రెండూ పార్కు గుండా పోయే హైవే 60 మీదివే.

దూరం: స్ప్రూస్ బాగ్ (బాగ్ అంటే చిత్తడి నేల; పార్కు పడమటి గేటు నుంచి 42.5వ కి.మీ. దగ్గర) 1.5 కి.మీ. చుట్టు, గంట చాలు. మిజ్జీ లేక్ (15.4 దగ్గర) పది, పదకొండు కి.మీ., ఐదారు గంటలు.

ఖర్చు: తేడా లేదు. రెండింటికీ ఒకటే డైలీ వెహికల్ పర్మిట్ (కారుకి ఒక రోజు పార్కు అనుమతి), ముందే బుక్ చేసుకోండి.

కనబడేవి: బాగ్‌లో చెక్కబాట పక్కనే కెనడా జే అనే బూడిదరంగు పిట్ట, అదృష్టముంటే అడవికోడిలాంటి స్ప్రూస్ గ్రౌస్. ఈ గ్రౌస్ కొమ్మ మీద బొమ్మలా కూర్చుంటుంది, కబుర్లలో పడితే దాటేసి పోతాం. మిజ్జీలో తొమ్మిది చెరువులు, కుంటలు: దుంగల మీద తాబేళ్లు, బీవర్లు, ఓటర్లు (నీటికుక్కలు), మూస్ (పెద్ద కొమ్ముల దుప్పి). అయితే తెల్లవారుతూనే నడక మొదలవ్వాలి.

ఇబ్బంది: మిజ్జీలో వేళ్లు, బురద, నున్నటి అడుగు బూట్లు జారతాయి. కుక్కల్ని రానివ్వరు. మే మధ్య నుంచి జూన్ దాకా బ్లాక్ ఫ్లైస్ (కుట్టే చిన్న నల్ల ఈగలు) రెండుచోట్లా పీక్కుతింటాయి. లేతరంగు పొడుగుచేతుల చొక్కా వేసుకుని, ప్యాంటు అంచులు సాక్సులో దోపుకోండి.

మూస్ ఒక్కటే చాలనుకుంటే అసలు రెండూ అక్కర్లేదు. మే, జూన్ పొద్దుటిపూట హైవే పక్క గుంటల్లో చూడండి. చలికాలంలో రోడ్డు మీద చల్లిన ఉప్పు ఆ గుంటల నీళ్లలో కలిసి ఉంటుంది, దానికోసం వస్తాయి.

పసిపిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే బాగ్. పార్కు నేచురలిస్టు వెంట నడవాలంటే జూలై, ఆగస్టుల్లో రండి. ఓపిక, నిశ్శబ్దం, రోజంతా తీరిక ఉన్న ఇద్దరు ముగ్గురికి మిజ్జీ.