కొరియా యాప్‌లు ఏళ్ళ తరబడి వాడాక: గొడవంతా పేరు దగ్గరే

మెసేజ్‌ల యాప్ కాకావ్ టాక్ ఏమిటో, దారి చూపే నేవర్ మ్యాప్ ఎందుకో కొరియా రావాలనుకునే ప్రతివాళ్ళకూ ఈపాటికి తెలిసే ఉంటుంది. అవి మళ్ళీ రాయను. సియోల్ దగ్గరి సువాన్ నగరంలో ఉద్యోగం చేసుకుంటూ రోజంతా ఈ యాప్‌ల మీదే నెట్టుకొస్తున్న నాకు ఒక్కదాని మీదే కడుపుమంట. ఫోన్ నంబరుతో చేసే గుర్తింపు తనిఖీ.

ఇది ఏదో ఒక్క యాప్‌లో ఉండేది కాదు. సినిమా టికెట్టు, షాపింగు, ఇన్సూరెన్సు, ఎక్కడో ఒక చోట అదే పేజీ ఎదురొస్తుంది. టెలికాం కంపెనీ ఎంచుకోవాలి. పేరు, పుట్టిన తేదీ ఆరంకెలు, రెసిడెన్స్ కార్డు (ఇక్కడ ఉండే విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు) నంబరు రెండో సగంలో మొదటి అంకె, ఫోన్ నంబరు ఇవ్వాలి. ఇవన్నీ టెలికాం రికార్డుతో అక్షరం పొల్లు పోకుండా కలిస్తేనే ఓటీపీ వస్తుంది. మన దగ్గర ఓటీపీ అంటే ఫోన్ చేతిలో ఉంటే చాలు. ఇక్కడ ఆ నంబరు ఎవరి పేరున ఉందో కూడా చూస్తారు. ఒకప్పుడు ఇక్కడి వెబ్‌సైట్లు నేరుగా మన ఆధార్ లాంటి పౌరుల రిజిస్ట్రేషన్ నంబరే అడిగేవి. 2012 ఆగస్టులో చట్టం దానికి అడ్డుకట్ట వేసింది, ఆ బరువు వచ్చి ఫోన్ నంబరు మీద పడింది. కొరియా వాళ్ళలో ఎక్కువమందికి పేరంతా కలిపి మూడక్షరాలు, వాళ్ళకేం!

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఆ తర్వాత రెండు ముక్కల పేరు. తెలుగువాళ్ళలో ఇదేం వింత కాదు కదా. సిమ్ తీసుకున్నప్పుడు షాపు కుర్రాడు చకచకా టైప్ చేసి, నవ్వుతూ ఫోన్ చేతిలో పెట్టాడు. కాల్స్ వెళ్ళాయి, నెట్ వచ్చింది, అంతా బాగానే ఉందనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆఫీసువాళ్ళం బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్దామనుకున్నాం. టికెట్లు తీసే పని నాకు అప్పజెప్పారు. అమ్మకం మొదలయ్యే వేళకి కాచుకుని కూర్చున్నాను. సీట్లు దొరికాయి కూడా. సరిగ్గా అప్పుడు ఆ పేజీ వచ్చింది. పేరు రాశాను, సమాచారం సరిపోలడం లేదంది. అన్నీ పెద్దక్షరాల్లో రాశాను, ఊహూఁ. ఖాళీలు తీసేసి రాశాను. ఇంటిపేరు ముందుకి తెచ్చాను, వెనక్కి తోశాను. పైన ఒక మూల స్వదేశీయులు, విదేశీయులు అని రెండు మీటలుంటాయి, అవీ అటూ ఇటూ నొక్కి చూశాను. చివరికి తప్పులు ఎక్కువయ్యాయని ఆ పూటకి నా నంబరుకి తలుపు మూసేసింది. పక్క సీట్లో ఉన్న కొరియన్ అమ్మాయి తన ఫోన్ తీసి, టీ చల్లారేలోపు అందరికీ బుక్ చేసేసింది. "నీ పేరు ఎందుకంత పొడుగు?" అని మాత్రం అడిగింది.

టెలికాం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, మీ దగ్గర నా పేరు ఎలా ఉందో ఒక్కో అక్షరం చదవమన్నాను. ఆవిడ ఓపిగ్గా చదివింది. చివరి రెండక్షరాలు లేవు! పాస్‌పోర్టు, కార్డు పట్టుకుని షాపుకెళ్ళి సరిచేయించాను. పీడా వదిలిందనుకుంటే, అంతవరకూ సజావుగా నడుస్తున్న ఒక చెల్లింపు యాప్ మర్నాడు నన్ను గుర్తుపట్టనంది. కత్తిరించిన పేరుతోనే అందులో నా ఖాతా తెరుచుకుందట, పూర్తి పేరున్న మనిషి దాని లెక్కలో వేరే ఎవరో. మళ్ళీ కాగితాలు, మళ్ళీ క్యూ.

నేవర్ మ్యాప్ మాత్రం ఇవేవీ అడగదు. దారి చూడ్డానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మెట్రో మారాలంటే ఏ పెట్టెలో ఏ తలుపు దగ్గర నిలబడితే మెట్లు దగ్గరో 4-3 అని చెబుతుంది, ప్లాట్‌ఫామ్ మీద నేలపై అదే అంకె రాసి ఉంటుంది. సువాన్ స్టేషన్ నుంచి సియోల్‌లోని సాదాంగ్ వెళ్ళే 7770 లాంటి ఎర్ర రంగు ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఎన్ని సీట్లు ఖాళీయో ముందే చూపిస్తుంది. వాటిలో నిలబడి వెళ్ళనివ్వరు కాబట్టి చలికాలం పొద్దున్నే ఆ అంకె చూసుకునే ఇంట్లోంచి కదులుతాను. ఒకప్పుడు ఈ యాప్‌ని ఎవరడిగినా ఆకాశానికెత్తేవాణ్ణి. ఇప్పుడు కొంచెం తగ్గాను. హోటళ్ళ రివ్యూలు దాదాపు అన్నీ కొరియన్‌లోనే ఉంటాయి, ఊరి పేరైనా కొరియన్ లిపిలో వెతికితేనే తిన్నగా దొరుకుతుంది. నాకు చదవడం వచ్చు కనుక సరిపోయింది.

మా అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్ళకి ఈ తలనొప్పి దాదాపు తగల్లేదు. కాకావ్ టాక్ మన ఇండియా నంబరుతోనే తెరుచుకుంది. బస్సుకీ మెట్రోకీ టీ-మనీ కార్డు కొని, కన్వీనియెన్స్ స్టోర్లో నగదు ఇచ్చి నింపించాం. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించమని నాన్నకి ఒకటికి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది, లేకపోతే బండి మారినప్పుడు రాయితీ రాదు. బోర్డులు పాపాగో అనే అనువాద యాప్‌తో ఫొటో తీసి చదువుకున్నారు. వాళ్ళ పేరున కొరియా నంబరు కావాల్సిన పని ఏదొచ్చినా నా ఫోన్లోంచి కానిచ్చాను. నేను లేకపోతే ఎలా నడిచేదో మరి.

వారం, పది రోజులకి వచ్చేవాళ్ళు ఇదంతా చదివి భయపడక్కర్లేదు, ఇక్కడి నంబరు లేకుండానే చాలావరకు గడిచిపోతుంది. చదువుకో, ఉద్యోగానికో వచ్చేవాళ్ళు మాత్రం సిమ్ తీసుకునేటప్పుడు షాపులోంచి కదలకముందే స్క్రీన్ తమ వైపు తిప్పమని, పేరు చివరి అక్షరం దాకా చూసుకుని, దాన్ని ఫొటో తీసుకోండి. పెద్ద కంపెనీల నెట్‌వర్క్ మీదే నడిచే చిన్న కంపెనీల చవక సిమ్ తీసుకుంటే, తనిఖీ పేజీలోని టెలికాం కంపెనీల జాబితాలో పెద్ద కంపెనీలు మూడూ కాకుండా కింద విడిగా ఉండే గడి ఎంచుకోవాలి. ప్రీపెయిడ్ అయితే అది మీ పేరున నమోదైందో లేదో అడగండి. పొట్టి పేరున్నవాళ్ళకి ఇదంతా నా గోలలానే అనిపించవచ్చు. మా తమిళ మిత్రుడొకడు మొదటిసారే దాటేశాడు.

నెలకి సగం ఖర్చుతో అయిపోయే ప్లాన్లు బోలెడున్నాయని ఆఫీసులో అందరూ పోరుతున్నారు. మారితే నా పేరు ఇంకెవరో మొదట్నుంచీ టైప్ చేస్తారు. అందుకే ఎక్కువైనా పాత ప్లాన్‌కే కడుతున్నాను.