ఇక్కత్ అంచు మసకబారకుండా: స్టోరీలైన్ 360తో నాలుగేళ్లు

నల్లగొండలో కూర్చుని చేనేత షోరూముల సిబ్బందికి ఆన్‌లైన్ కోర్సులు తయారుచేస్తుంటాను. నాలుగేళ్లుగా చేతిలో ఉన్నది స్టోరీలైన్ 360, అంటే స్లయిడ్లతో ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే సాఫ్ట్‌వేర్. దాంట్లోని క్విజ్‌లు, ట్రిగ్గర్ల (ఏది నొక్కితే ఏం జరగాలో చెప్పే ఆదేశాలు) గురించి ఇక్కడ రాయను. బొమ్మలు పబ్లిష్ అయ్యాక ఎంత స్పష్టంగా నిలుస్తాయన్నదే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నా పని మొత్తం దానిమీదే ఆగింది.

కౌంటర్‌లో కొత్తగా చేరిన పిల్లలకు అసలు పోచంపల్లి చీరకూ, అదే డిజైన్ అచ్చేసిన బట్టకూ తేడా నేర్పాలి. మన చిటికి పనిలో, అంటే ఇక్కత్‌లో, నూలును ముందే రబ్బరు పట్టీలతో కట్టి అద్దుతారు, తర్వాత నేస్తారు. పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి కాబట్టి పువ్వు అంచు కొద్దిగా చెదిరి ఉంటుంది, వెనకా ముందూ ఒకేలా కనిపిస్తుంది. అచ్చు బట్టకు అంచు కత్తితో కోసినట్టుంటుంది, వెనక రంగు వెలిసి ఉంటుంది. పాఠమంతా ఆ అరమిల్లీమీటరులోనే.

మొదటి కోర్సు తీసుకెళ్లి, ఫోటోలకు చీరలిచ్చిన నేతన్న కాకకు ఫోన్‌లో చూపించాను. “గిదేంది బిడ్డా, నా చీర గిట్ల అలుక్కపోయింది?” అన్నాడు. అంతకన్నా ఘోరం, క్విజ్‌లో పెట్టిన అచ్చు బట్ట కూడా అంచులు చెదిరి ఇక్కత్‌లాగే కనబడుతోంది. పిల్లలు తప్పు జవాబు నొక్కారంటే వాళ్లదేం తప్పు?

సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను గానీ, తవ్వుకుంటూ పోతే దోషాలన్నీ నావే. ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా తెప్పించుకున్నాను, అక్కడే సగం నలిగాయి. ఇప్పుడు డాక్యుమెంట్‌గా పంపమంటాను, లేదా కెమెరా కార్డు తెచ్చుకుంటాను. స్లయిడ్ సైజు 720×405 దగ్గరే వదిలేసి, ప్లేయర్‌ను బ్రౌజర్ నిండా సాగేలా పెట్టాను. చిన్న బొమ్మను పెద్ద తెర మీదికి లాగితే మసకబారక ఏమవుతుంది? ఇప్పుడు 1280×720 పెట్టాకే మొదటి స్లయిడ్ తెరుస్తాను. సగం పనయ్యాక మారిస్తే అమరికంతా మళ్లీ సర్దుకోవాలి, ఒకసారి ఆ పాట్లు పడ్డాను.

అసలు దొంగ జేపెగ్, ఫోటోలను కుదించి దాచే ఫైలు రకం. అది బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా కోసి కుదిస్తుంది. వెలుగును పూర్తిగానే దాచుకున్నా, రంగును మాత్రం చాలాసార్లు అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గించి దాస్తుంది. మనిషి ముఖం ఫోటోలో ఇది మన కంటికి ఆనదు. ఎర్రపోగు పక్కన నల్లపోగు ఉన్నచోట మాత్రం ఎరుపు కారిపోయినట్టు తెలుస్తుంది. అచ్చు బట్ట ఇక్కత్ అయిపోయింది ఇందుకే. పబ్లిష్ చేసేటప్పుడు క్వాలిటీలో కస్టమ్ తీసుకుని జేపెగ్ మీటను 90కి జరిపితే చీర మొత్తం కనిపించే ఫోటోలకు సరిపోతుంది. అంచు దగ్గరి ముక్కలు మాత్రం వివరం పోకుండా దాచే పీఎన్‌జీలోనే పెడతాను. అన్నీ పీఎన్‌జీ చేస్తే కోర్సు బరువెక్కి, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

స్టోరీలైన్‌లో నాకు బాగా నచ్చింది జూమ్ పిక్చర్. స్లయిడ్‌లో చిన్నగా ఉన్న బొమ్మను తాకితే పెద్దదై తెరుచుకుంటుంది. అసలు ఫోటో పెద్దగా ఉంటేనే ఫలితం, చిన్నదాన్ని పెట్టి జూమ్ చేస్తే మసకే పెద్దదవుతుంది. చుక్కలుగా కాక గీతలుగా దాచే ఎస్‌వీజీ బొమ్మలను కూడా తీసుకుంటుంది. చింతకింది మల్లేశం గారు తయారుచేసిన, చీర నేతకు ముందు నూలును ఆసు పోసే లక్ష్మి ఆసు యంత్రం మీద ఒక పాఠం చేశాను. యంత్రం గీతలన్నీ ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో గీసి ఎస్‌వీజీగా పెట్టాను, ఎంత సాగదీసినా గీత చెదరలేదు. భాగాల పేర్లు బొమ్మలో రాయకుండా స్లయిడ్‌లోనే టైప్ చేశాను. తెలుగు అక్షరాలు బొమ్మలో ఉండి కుదించుకుపోతే ముందు పోయేవి ఒత్తులే.

తయారుచేసే తెర మీద చూసి మురిసిపోవద్దు, బెంబేలు పడొద్దు. విండోస్‌లో తెరమీదివన్నీ పెద్దవిగా చూపే డిస్‌ప్లే స్కేల్ 125 శాతంలో ఉంటే మంచి బొమ్మ కూడా మెత్తబడి కనిపించొచ్చు. నేను పబ్లిష్ చేసి, షోరూమ్ పిల్లల చేతుల్లో ఉండే చవక ఫోన్ లాంటి దాంట్లో చూసుకుంటాను.

స్టోరీలైన్‌కు ఏటా చందా కట్టాలి, విండోస్‌లోనే నడుస్తుంది. ఏడాదికి ఒకటో రెండో కోర్సులు చేసేవాళ్లకైతే కొనమని చెప్పను.

ఇప్పటికీ లొంగనిది గద్వాల జరీ. సన్నని గీతల నేత చిన్న సైజుకు దిగగానే లేని అలలు తేలుతున్నాయి. ఫోటోలు సర్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో ముందే కావలసిన సైజుకు తగ్గించి పెడితే కొంత నయం. కొంతే. అందుకే ఆ ఒక్క చీరకు ఫోటో మానేసి, కొంగును వెలుతురులో అటూ ఇటూ తిప్పుతూ తీసిన పది సెకన్ల వీడియో పెడుతున్నాను.