పసిగుండె వినడానికి లిట్‌మన్ క్లాసిక్ 3: ఎక్కడిదాకా నమ్మొచ్చు?

కర్నూలులో హౌస్ సర్జన్సీకి వచ్చేవాళ్లూ, కొత్తగా పిల్లల క్లినిక్ పెట్టేవాళ్లూ స్టెత్ కొనాలంటే ముందుగా అడిగే పేర్లలో లిట్‌మన్ క్లాసిక్ 3 ఒకటి. ధర పది వేలకు అటూ ఇటూ. పెద్దవాళ్లకు ఒక వైపు, పిల్లలకు ఒక వైపు అని చెప్పి అమ్ముతారు కాబట్టి ఒకటి కొంటే రెండు పనులు అయిపోతాయనిపిస్తుంది. ఈ సమీక్ష పిల్లల గుండె వరకే. పెద్దవాళ్ల ఊపిరితిత్తులకు, బీపీకి ఇది బాగా పనికొస్తుంది, ఆ విషయంలో అనుమానం లేదు.

పెద్ద వైపు 4.3 సెంటీమీటర్లు, చిన్న వైపు 3.3. గొట్టం 69 సెంటీమీటర్లు, మొత్తం బరువు 150 గ్రాములు. రెండు వైపులా డయాఫ్రం అనే పలుచని పొరే. తేలిగ్గా ఆనిస్తే మంద్రంగా ఉండే శబ్దాలు, గట్టిగా ఒత్తితే హెచ్చు శ్రుతిలో ఉండేవి వినబడేలా ఆ పొరను చేశారు. తలను గొట్టానికి కలిపే కాండాన్ని టక్‌మనేదాకా తిప్పితే ఒక వైపు తెరుచుకుని రెండోది మూసుకుంటుంది. ఏది తెరిచి ఉందో వేలితో మెల్లగా తట్టి చూసుకోండి. మూసిన వైపు ఆనించి ‘గుండె చప్పుళ్లు చాలా సన్నగా ఉన్నాయి’ అని రాసిన కేస్ షీట్లు అరుదేమీ కాదు. చెవి గొట్టాలు ముక్కు వైపు చూసేలా పెట్టుకోవాలి. తిరగబడితే మెల్లని మర్మర్ (గుండె చప్పుళ్లతో పాటు వచ్చే అదనపు శబ్దం) పోయినట్టే.

నెలలు నిండి పుట్టిన బిడ్డ ఛాతీ చుట్టుకొలత 33 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అంత చిన్న ఛాతీ మీద పెద్ద వైపు ఆనిస్తే గుండెతో పాటు ఊపిరి, పేగులు, పక్క బెడ్ ఏడుపు అన్నీ కలిసి వస్తాయి. ఒళ్లు చేయని పిల్లల దగ్గర ఇంకో చిక్కు. పక్కటెముకలు పైకి తేలి ఉంటే డయాఫ్రం రెండు ఎముకల మీద వంతెనలా నిలుస్తుంది, మధ్యలో సందు మిగులుతుంది, ఆ సందులోంచి ఫ్యాను గాలి శబ్దమంతా లోపలికి దూరుతుంది. చిన్న వైపు ఇక్కడ నిజంగా మెరుగు. ఏడాది దాటిన బిడ్డకు హాయిగా సరిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన కేజీన్నర బిడ్డకు మాత్రం ఇదీ పెద్దదే. ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, పనిచేసేవాళ్లు ఇంకా చిన్న తల ఉన్న ఇన్‌ఫెంట్ రకమే తీసుకోవాలి.

ఈ స్టెత్ గొప్పగా చెప్పుకునే ‘ఒత్తితే ఒకటి, ఒదిలితే ఒకటి’ పద్ధతి పసిపిల్లల దగ్గరే తడబడుతుంది. బిడ్డ కాళ్లు ఆడిస్తుంది, ఒళ్లు విరుచుకుంటుంది, మన చేతి ఒత్తిడి క్షణక్షణం మారుతుంది. మర్మర్ నిజంగా మారిందా, మన వేలి బరువు మారిందా తెలియదు. దీనికి విరుగుడు స్టెత్ వచ్చిన డబ్బాలోనే ఉంది. చిన్న వైపు డయాఫ్రం ఊడదీసి ఆ అంచుకు రబ్బరు తొడుగు వేస్తే అది పొర లేని, గిన్నెలా తెరిచి ఉండే మామూలు బెల్ అవుతుంది. అప్పుడు మంద్ర శబ్దానికి ఒక వైపు, హెచ్చు శబ్దానికి ఒక వైపు స్థిరంగా ఉంటాయి. అయితే అప్పుడు హెచ్చు శబ్దాలకు మిగిలేది పెద్ద వైపే కాబట్టి ఈ మార్పు మూడు నాలుగేళ్లు దాటిన పిల్లలకే మంచిది. బెల్‌ను ఒత్తకూడదు. ఒత్తితే కింద చర్మం బిగిసి అదే డయాఫ్రం అయిపోతుంది, మంద్ర శబ్దం మాయమవుతుంది.

ఆ మంద్ర శబ్దం ఎవరికి కావాలి? గొంతునొప్పి తర్వాత కీళ్లవాత జ్వరం వచ్చి మైట్రల్ కవాటం ఇరుకైన పిల్లలకు. అయిదు నుంచి పదిహేనేళ్ల మధ్య వయసులో ఆ జ్వరం ఎక్కువగా వస్తుంది. బిడ్డను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, గుండె కొన తగిలేచోట బెల్ గాలిలా ఆనించి వినాలి. దూరంగా ఉరిమినట్టు వస్తుంది. డయాఫ్రంతో గట్టిగా ఒత్తి వింటే అది దొరకదు.

ఎక్కడ పెట్టాలన్నది స్టెత్ కన్నా ముఖ్యం. రొమ్ము ఎముకకు కుడి పక్క రెండో పక్కటెముకల సందు, ఎడమ పక్క రెండో సందు, ఎడమ అంచు కింది భాగం, గుండె కొన. ఈ నాలుగు చోట్ల ఆగితే చాలదు. ఎడమ కాలర్ ఎముక కింద, వీపున రెండు రెక్కల మధ్య, కుడి ఛాతీ మీద కూడా పెట్టాలి. కొన కొట్టుకునేచోటు పసిపిల్లల్లో నాలుగో సందులో, కాలర్ ఎముక మధ్య నుంచి దిగే గీతకు కొంచెం బయటగా ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ అయిదో సందుకు దిగి లోపలికి జరుగుతుంది. ఎడమవైపు చప్పుళ్లు దూరంగా వినిపిస్తుంటే స్టెత్‌ను అనుమానించకముందు కుడివైపు పెట్టి చూడండి. గుండె కుడివైపున్న బిడ్డ కావచ్చు.

పుట్టిన బిడ్డ గుండె నిమిషానికి 120 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. 150 దగ్గర ఒక్కో దెబ్బకు 0.4 సెకను. మొదటి చప్పుడేదో రెండోదేదో చెవితో తేల్చడం కష్టం. వింటూ వింటూనే మోచేతి లోపలివైపు నాడి మీద వేలు ఉంచితే తేలుతుంది. నాడితో పాటే వచ్చేది మొదటిది.

ఈ స్టెత్ చిన్న వైపును గట్టిగా ఒత్తి ఎడమ రెండో సందులో వింటే రెండో చప్పుడు చాలా శుభ్రంగా వస్తుంది. ఈ ధరలో ఇంతకన్నా ఎక్కువ అడగనక్కరలేదు. రెండో చప్పుడంటే రెండు కవాటాలు మూసుకోవడం: బృహద్ధమనిది ముందు, పుపుస ధమనిది దాని వెనకే. ఊపిరి పీల్చినప్పుడు ఆ రెంటి మధ్య ఎడం పెరుగుతుంది, వదిలినప్పుడు కలిసిపోతుంది. పై గదుల మధ్య రంధ్రం, అంటే ఏఎస్‌డీ ఉన్న బిడ్డలో ఆ ఎడం ఎక్కువగా ఉండి ఊపిరితో మారదు. అక్కడ వినబడే మెల్లని మర్మర్ రంధ్రం నుంచి వచ్చేది కాదు. పై గదుల మధ్య ఒత్తిడి తేడా అంత ఉండదు. కుడివైపు చేరిన అదనపు రక్తం పుపుస కవాటం గుండా తోసుకుపోయే శబ్దమది. అందుకే ఏఎస్‌డీ పిల్లలు బడికి పోయే వయసుదాకా ఎవరి చెవికీ చిక్కరు. మర్మర్ కోసం కాకుండా రెండో చప్పుడు కోసం వినేవాళ్లకే చిక్కుతారు.

పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది కింది గదుల మధ్య రంధ్రం, వీఎస్‌డీ. ఎడమ అంచున మూడు, నాలుగు సందుల్లో, మొదటి చప్పుడు నుంచి రెండోదాకా బుస కొట్టినట్టు ఉంటుంది. దీనికి ఖరీదైన స్టెత్ అక్కర్లేదు, ఏ స్టెత్‌కైనా వినబడుతుంది. కానీ రెండు పొరపాట్లు దగ్గర జాగ్రత్త. పుట్టిన మొదటి రోజుల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఇంకా దిగదు కాబట్టి రంధ్రం ఉన్నా రక్తం అంతగా దాటదు, శబ్దం ఉండదు. డిశ్చార్జి రోజు చీటీలో ‘గుండె మామూలే’ అని ఉంటే అది ఆ రోజు మాటే. రెండు నుంచి ఆరు వారాల మధ్య మర్మర్ బయటపడుతుంది. ఆరు వారాల టీకాకు వచ్చిన బిడ్డను అమ్మ ఒళ్లోనే ఉంచి, సూది వేయకముందే ఒక నిమిషం వినడం ఈ స్టెత్ చేయగల పనుల్లో అన్నిటికన్నా విలువైనది.

రెండో పొరపాటు ఇంకా ప్రమాదం. చిన్న రంధ్రం పెద్ద శబ్దం చేస్తుంది. పెద్ద రంధ్రం ఉన్న బిడ్డలో నెలలు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల ఒత్తిడి పెరిగి మర్మర్ తగ్గుతుంది. చిన్నవి తమంత తామే మూసుకుపోతాయన్నది నిజమే కాబట్టి ‘శబ్దం తగ్గింది, రంధ్రం మూసుకుంటోంది’ అని ఇంటికి పంపేస్తారు. తేడా రెండో చప్పుడులో ఉంది. అది గట్టిగా, తలుపు దబాలున వేసినట్టు వినబడితే మూసుకుంటున్నది రంధ్రం కాదు, ఆపరేషన్‌కు ఉన్న గడువు.

ఇక పీడీఏ, అంటే పుట్టాక మూసుకోవాల్సిన ధమనుల మధ్య నాళం తెరిచే ఉండిపోవడం, ఎడమ కాలర్ ఎముక కింద ఆగకుండా మిషన్ ఆడినట్టు వినబడుతుంది, నాడి ఎగిసెగిసి కొడుతుంది.

జబ్బు లేని మర్మర్లూ ఉన్నాయి. మూడు నుంచి ఏడేళ్ల పిల్లల్లో ఎడమ అంచు కింద తీగ మీటినట్టు వినబడి, లేచి నిలబడితే తగ్గేది ఒకటి. కాలర్ ఎముక కింద హోరుమని, పడుకోబెడితేనో మెడ మీద వేలితో నొక్కితేనో ఆగిపోయేది ఇంకొకటి. రక్తం తక్కువైన పిల్లల్లోనూ మర్మర్ వస్తుంది, మన జిల్లాల్లో ఇది గుర్తుంచుకోవాలి. ఛాతీ మీద పెట్టిన చేతికి అదురు తగిలితే, అంటే మర్మర్ జోరు 4వ గ్రేడుకు చేరితే, దాన్ని అమాయకమైనది అనకండి. గుండె వదులయ్యే దశలో, రెండో చప్పుడు తర్వాత వచ్చే మర్మర్‌నూ అంతే.

ఇప్పుడు అసలు సంగతి. పసిబిడ్డను తొందరగా చంపే జబ్బుల్లో చాలావాటికి శబ్దమే ఉండదు. రెండు ధమనులు తారుమారైన బిడ్డ నీలంగా ఉండి కూడా మర్మర్ లేకుండా ఉండొచ్చు. టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే నాలుగు లోపాలున్న బిడ్డ ఒక్కసారిగా నీలం తిరిగే దాడి వచ్చినప్పుడు ముందు వినబడ్డ మర్మర్ మెల్లబడుతుంది లేదా పోతుంది, ఎందుకంటే ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారే బిగుసుకుంది. మోకాళ్లు ఛాతీకి ఆనించి పట్టుకుని, ఆక్సిజన్ పెట్టి పెద్దాసుపత్రికి పంపాల్సిన సమయం అది, స్టెత్‌తో వెతికే సమయం కాదు. బృహద్ధమని ఇరుకైన బిడ్డకు తొడ మొదట్లో నాడి అందదు. కుడిచేతి నాడి, తొడ నాడి ఒకేసారి పట్టి చూడటానికి పది సెకన్లు చాలు. కొంచెం పెద్దపిల్లల్లో కుడిచేతి బీపీ కాలి బీపీ కన్నా 20 ఎక్కువ ఉంటే ఆ జబ్బునే గట్టిగా అనుమానించాలి.

కాబట్టి ఈ పది వేల పక్కన పసిపిల్లల ప్రోబ్ ఉన్న పల్స్ ఆక్సీమీటరు లేకపోతే లెక్క సగమే. పుట్టిన 24 గంటల తర్వాత కుడిచేతికి, ఒక కాలికి పెట్టాలి. రెండు చోట్లా ఆక్సిజన్ కనీసం 95 శాతం ఉండాలి, తేడా 3 దాటకూడదు. 90 కన్నా తక్కువైతే మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చోకుండా పంపాలి. పెద్దవాళ్ల వేలి క్లిప్పు పసివేలికి సరిపోదు, తప్పు అంకె చూపిస్తుంది. కాళ్లు చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి. కంటితో నీలం చూడాలంటే గోళ్లు కాదు, నాలుక చూడాలి. రక్తం బాగా తక్కువగా ఉన్న బిడ్డ ఆక్సిజన్ పడిపోయినా నీలం తిరగదు. పాలిపోయి ఉందని ఐరన్ మందు రాసి పంపేస్తే అక్కడితో జబ్బు దాగిపోతుంది.

చెమట గురించి ఒక మాట. పాలు తాగుతూ నాలుగు గుక్కలకోసారి ఆగి ఆయాసపడి, నుదుట చెమట పట్టే బిడ్డను ఏప్రిల్, మే నెలల్లో ‘ఎండలు కదమ్మా’ అని తేల్చేస్తారు. ఫ్యాను కింద, తెల్లవారుజామున, పాలు తాగేటప్పుడే చెమట పడుతుందా అని తల్లిని అడగండి. అవునంటే ఊపిరి నిమిషం నిండా లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40. ఆ అంకెకు చేరితే ఊపిరి ఎక్కువైనట్టే. కాలేయం పక్కటెముకల కింద రెండు సెంటీమీటర్లు దాటి తగిలితే గుండె అలసిపోతోందని అనుకోవాలి.

మళ్లీ స్టెత్ దగ్గరికి. ఓపీలో కూలర్ ఆడుతుంటే ఏ కంపెనీదైనా ఒకటే, ఆ నిమిషం ఆపించండి. నిద్రపోతున్న బిడ్డను లేపకుండా ముందు గుండె వినండి, పొట్ట తర్వాత, గొంతు చిట్టచివర. అంచుకున్న రబ్బరు వల్ల లోహం చల్లదనం బిడ్డకు తగలదు, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఏడుపు సగం తగ్గిస్తుంది. గొట్టం మెడ చెమటకు, స్పిరిట్‌కు పాత రకాలకన్నా బాగా ఆగుతుంది. ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టడం మాత్రం మానండి, గొట్టం గట్టిబడిపోతుంది. తుడవడానికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడాలి, చేతులకు రాసుకునే శానిటైజరు వద్దు, నీళ్లలో ముంచకూడదు. డయాఫ్రం అంచు కింద మురికి చేరి శబ్దం మందగిస్తుంది, అప్పుడప్పుడు విప్పి తుడవాలి. అయిదేళ్ల వారంటీ ఉంది. నకిలీలు చాలా తిరుగుతున్నాయి. రెండు మూడు వేలకే ఇస్తామంటే అది ఇది కాదు. బిల్లు తీసుకోండి, సీరియల్ నంబరు సరిచూసుకోండి.

వినబడినదాన్ని ఖాయం చేసేది ఎకోనే (గుండె స్కానింగ్), అది కూడా పిల్లల గుండె ఎకో చేసే అలవాటున్న చోట. పంపే చీటీలో ‘మర్మర్ ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే అవతలివాళ్లకు ఏమీ తెలియదు. ఏ చోట, ఎన్నో గ్రేడు, రెండో చప్పుడు ఎలా ఉంది, చేతిలో కాలిలో ఆక్సిజన్ ఎంత, తొడ నాడి అందుతోందా, బరువెంత అన్నవి రాయండి. 18 ఏళ్లలోపు పిల్లల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) జాబితాలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బు ఉంది, ఆ దారిలోనూ పంపొచ్చు. గుండె ఆపరేషన్లకు 1991లో మొదలైన పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి, 2021లో తిరుపతిలో తెరిచిన టీటీడీ పద్మావతి పిల్లల హృదయాలయం మనకు అందుబాటులో ఉన్నవే.

పిల్లలూ పెద్దలూ కలిసివచ్చే ఓపీకి క్లాసిక్ 3 కొనండి, చిన్న వైపు వాడుక నేర్చుకుని మరీ. కాన్పుల వార్డులోనో ఎన్ఐసీయూలోనో రోజంతా ఉండేవాళ్లు దీన్ని వదిలి ఇన్‌ఫెంట్ రకం తీసుకోండి, దానితో పాటు పసిపిల్లల ప్రోబ్ కూడా.