స్కానర్ పోయినా దాని మెసేజ్ పోలేదు: ఆటోరన్స్ వాడి చూశాను

దేవరకొండలో నాది చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. మొన్న మే నెలలో పాత స్కానర్ పాడైతే కొత్తది కొన్నాను. పాతదాని సాఫ్ట్‌వేర్ ఇంకెందుకని అన్‌ఇన్‌స్టాల్ చేశాను. మర్నాటి నుంచి కంప్యూటర్ ఆన్ చేయగానే ‘రన్‌డీఎల్ఎల్’ అని ఒక డబ్బా. ఎర్ర గుర్తు, పొడుగాటి ఫోల్డర్ దారి, చివర డాట్ డీఎల్ఎల్ (సాఫ్ట్‌వేర్ నడవడానికి వాడుకునే ఒక రకం ఫైలు), దాని కింద ‘ది స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్’, అంటే ఆ ఫైలు దొరకలేదని. ఓకే నొక్కితే పోతుంది, తెల్లారితే మళ్లీ అదే.

అది దోస్త్ (తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల) అప్లికేషన్ల సీజన్. ఒకమ్మాయి ఆ డబ్బా చూసి, “అక్కా, వైరస్ వచ్చిందా?” అని పెన్‌డ్రైవ్ వెనక్కి తీసుకుంది. నాకు చాలా బాధనిపించింది. రిపేరు చేసే ఆయనను అడిగితే “ఫార్మాట్ కొట్టాలె మేడమ్” అన్నాడు. అందులో అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్, ఆరేళ్ల పెళ్లిపత్రికల ఫైళ్లు ఉన్నాయి. అవన్నీ మళ్లీ ఎక్కించుకోవాలంటే రెండు రోజులు షాపు బందే. హైదరాబాద్‌లో పనిచేసే మా తమ్ముడు ఫోన్లో “ఆగక్కా, ముందు ఆటోరన్స్ దించుకో” అన్నాడు.

కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే నడిచేవాటి లిస్టు చూపించే టూల్ ఇది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే, పైసా ఖర్చు లేదు. సిస్‌ఇంటర్నల్స్ అనే టూల్స్‌లో ఒకటి. వాటిని తయారుచేసిన సంస్థను మైక్రోసాఫ్ట్ 2006లో కొన్నది. ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. జిప్ విప్పి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇస్తే చాలు.

అసలు జరిగేదేమిటంటే, సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు ఫైళ్లు పోతాయి, కానీ ‘ఆన్ కాగానే దీన్ని నడుపు’ అనే లైను ఒక్కోసారి అలాగే మిగిలిపోతుంది. ఊరు విడిచి బతకపోయిన మనిషి పేరు ఓటరు లిస్టులో మిగిలినట్టు. విండోస్ రోజూ ఆ పేరు పిలుస్తుంది, ఇంట్లో ఎవరూ ఉండరు.

టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ లిస్టు ముందే చూశాను, అందులో స్కానర్ ఊసే లేదు. ఆటోరన్స్‌లో మాత్రం షెడ్యూల్డ్ టాస్క్స్ ట్యాబ్‌లో దొరికింది. పసుపు రంగు లైను, పక్కన ‘ఫైల్ నాట్ ఫౌండ్’. డబ్బాలో కనిపించిన ఫోల్డర్ దారి అక్షరం పొల్లుపోకుండా అదే! ముందున్న టిక్ తీసేసి రీస్టార్ట్ చేశాను. డబ్బా రాలేదు. రెండు రోజులు ఆగి, అప్పుడు డిలీట్ కొట్టాను.

ఆ క్రమం తప్పనిసరి. టిక్ తీస్తే మళ్లీ పెట్టుకోవచ్చు, డిలీట్ చేస్తే వెనక్కి తెచ్చే బటన్ ఇందులో లేదు. పసుపు కనిపించిన ప్రతి లైనూ పీకేయొద్దు, మెసేజ్‌లో ఉన్న పేరుతో సరిపోయిందే ముట్టుకోండి. ఆప్షన్స్‌లో ‘హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్’ పెట్టుకుంటే విండోస్ సొంత లైన్లు చాలావరకు కనపడకుండా పోతాయి, చెయ్యి జారే భయం తగ్గుతుంది. లేదన్న డీఎల్ఎల్‌ను ఏదో సైట్ నుంచి దించుకొచ్చి పెట్టే పని మాత్రం అస్సలు చేయకండి. ఆ ఫైలు పేరు మీరెప్పుడూ వాడని సాఫ్ట్‌వేర్‌దైతే ముందు యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ చేయించండి. వైరస్‌ను తీసేసినా దాని లైను ఇలాగే మిగలొచ్చు.

ఒక స్టార్ తగ్గిస్తున్నాను. తెరవగానే బోలెడన్ని ట్యాబులు, సన్న అక్షరాలు, అంతా ఇంగ్లీషు. కొత్తవాళ్లకు టెన్షన్ పుడుతుంది, నాకూ పుట్టింది. పక్కన ఎవరైనా ఫోన్లో ఉంటే మేలు.

ఆ జిప్ ఇప్పుడు నా పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. పోయిన వారం పక్క మందుల షాపు బిల్లింగ్ కంప్యూటర్లో ఇలాంటి డబ్బానే వస్తుంటే చూసిపెట్టాను. అది లాగాన్ ట్యాబ్‌లోనే ఉంది, పది నిమిషాల్లో అయిపోయింది.